మెయిల్‌బాక్స్ దాకా

సూర్యప్రకాశరావు తెనాలిలో ముప్పై నాలుగేళ్ళు ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. అందులోనూ ఘర్షణ పాఠమంటే ఆయనకు ప్రాణం. ఘర్షణే లేకపోతే మనిషి అడుగు తీసి అడుగు వేయలేడని కొన్ని వేలమందికి బల్ల గుద్ది చెప్పిన మనిషిని, అమెరికాలోని అరోరాలో కన్నకూతురు స్మృతి డిసెంబరు మొదటి వారం నుంచీ గడప దాటనివ్వడం లేదు.

"బయటంతా ఐస్, నాన్నా. జారిపడి తుంటి విరిగిందనుకో, నీ ట్రావెల్ ఇన్సూరెన్స్ కవర్ చేయదు. మార్చి దాకా ఇంట్లోనే వాక్ చెయ్యి" అంది.

సోఫాకీ ఫ్రిజ్‌కీ మధ్య వాక్ చేసి చేసి ఆయనకు విసుగెత్తిపోయింది. రెండు వీధుల అవతల లైబ్రరీలో రోజూ పదింటికి నలుగురు తెలుగు పెద్దమనుషులు చేరి లోకాన్ని ఉతికి ఆరేస్తుంటారు. వాళ్ళ మధ్య తన కుర్చీ ఖాళీగా ఉందన్న దిగులుతో ఆయనకు అన్నం సహించడం లేదు.

బతిమాలగా బతిమాలగా స్మృతి ఒక షరతు పెట్టింది. శనివారం పొద్దున తన కళ్ళముందు గుమ్మం నుంచి మెయిల్‌బాక్స్ దాకా నడిచి, జారకుండా వెనక్కి రావాలి. వస్తే లైబ్రరీ. జారితే మార్చి.

శుక్రవారం సాయంత్రం చూస్తే మెయిల్‌బాక్స్ దాకా సాగే డ్రైవ్‌వే మీద పలచగా మంచు పేరుకుని ఉంది. ఒకప్పుడు కాపీ చీటీలు పట్టుకుని పిల్లల్ని డిబార్ చేయించిన ఆ మనిషి, తన పరీక్ష దాకా వచ్చేసరికి కాస్త ముందస్తు ఏర్పాట్లు చేసుకుంటే తప్పేంటనుకున్నాడు. మంచు పోతే కింద ఉండేది సిమెంటే, సిమెంటుకు గరుకుదనం బోలెడు. బాత్రూంలో వేడినీళ్ళు పట్టి మోసుకెళ్ళి గుమ్మరించాడు.

"ఏవండీ, వాకిలికి తలంటు పోస్తున్నారా?" అంది భార్య ఛాయాదేవి.

మంచు కరిగి సిమెంటు శుభ్రంగా కనిపించింది. ఆయన సంతోషంగా లోపలికి వచ్చేశాడు. తెల్లారేసరికి చలి ఎంతకు దిగుతుందన్న సంగతి మాత్రం ఆ భౌతికశాస్త్రపు బుర్రకు తట్టలేదు.

పొద్దున తలుపు తీయగానే తట్టింది. వాకిలి నున్నగా మెరుస్తోంది. అది తడి కాదని ఒక్క చూపులో తెలిసిపోయింది. కాలికి పట్టు దొరకాల్సిన గరుకునంతా తనే చేజేతులా ఐసుతో పూడ్చేశాడు. వెనక స్మృతి నిలబడి ఉంది. మనవరాలు హంసిక వీడియో తీయడానికి ఫోన్ ఎత్తి పట్టుకుంది. నిజం చెబితే మార్చి.

చలి అని వంక పెట్టి, ఉన్ని మేజోళ్ళు తెచ్చి బూట్ల పైనుంచి తొడిగాడు. ఉన్ని ఐసును కాస్త పట్టుకుంటుంది. పాదం మొత్తం ఆనిస్తూ, జానెడేసి అడుగులతో బాతులా వెళ్ళాడు, బాతులా వచ్చాడు. ఒక్కసారీ జారలేదు.

"సూపర్ నాన్నా!" అంటూ స్మృతి ఇంట్లో వేసుకునే చెప్పులతోనే ఎదురు పరుగెత్తింది. రెండో అడుగుకే కాళ్ళు గాల్లో, మనిషి నేలమీద.

ఎముక విరగలేదు, చీలమండ బెణికిందన్నారు డాక్టర్లు. మధ్యాహ్నం సోఫాలో కాలు దిండు మీద పెట్టుకుని స్మృతి మనస్ఫూర్తిగా ఒప్పుకుంది. "నాకంటే నువ్వే బాగా నడుస్తున్నావు నాన్నా. సోమవారం నుంచి హాయిగా వెళ్ళు. నేనే ఓవర్ చేశాను, సారీ."

ఆ సారీ వినేసరికి ఆయనకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అయినా, సోమవారానికి ఇంకెంతో లేదని మనసు లోలోపల లెక్క వేస్తూనే ఉంది.

అప్పుడు కిటికీ దగ్గర నిలబడ్డ హంసిక అడిగింది. "తాతయ్యా, ఎదురింటి అంకుల్ డ్రైవ్‌వే ఫుల్ డ్రై ఉంది. వాళ్ళు మంచుని జస్ట్ షవల్‌తో తీసేశారు. మనది ఒక్కటే ఐస్ ఎందుకు ఉంది?"

ముప్పై నాలుగేళ్ళలో పిల్లలు ఆయన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే, 'సార్, ఇది పరీక్షకొస్తుందా?' అని. కళ్ళారా చూసి, పోల్చి, ఎందుకని అడిగిన మొదటి పిల్ల ఇది. తెలీదంటే లైబ్రరీ దక్కుతుంది. ఆయన ఆపుకోవాలనే చూశాడు. ఆగలేకపోయాడు.

"ఇలా కూర్చో అమ్మా. మంచు మంచుగా ఉంటే బూటు దాన్ని నొక్కుకుని ఎలాగో నిలబడుతుంది. దాన్ని వేడినీళ్ళతో కరిగించామనుకో, ఆ నీళ్ళు సిమెంటు గరుకులోకంతా దిగి గడ్డకడతాయి. ఇక కాలికి పట్టు ఏదీ? కదలాలన్నా పట్టు కావాలి, ఆగాలన్నా పట్టే కావాలి..."

చేతులు తిప్పుతూ చెప్పుకుపోతున్నాడు. హంసిక ఫోన్ పక్కన పడేసి నోట్‌బుక్ తెరిచింది. ఆయన జన్మ ధన్యమైంది.

"ఎన్ని బకెట్లు పోశావు నాన్నా?" అంది సోఫాలోంచి స్మృతి.

ఒకటే అని తప్పించుకోవచ్చు. కానీ పిల్ల పెన్ను పట్టుకుని ఆయన నోటివంకే చూస్తోంది.

"నాలుగు" అన్నాడు.