ఇంటికొకరు

"మీ ఇంటి నుంచి జిగురు హాల్లో ఎవరూ కూర్చోవడం లేదు కదమ్మా. మరి మాత్రలు ఎలా ఇవ్వమంటావు?"

మందుల గుమాస్తా ఆ మాట కసిరి అనలేదు. కసిరి ఉంటే తిరిగి నాలుగు తిట్టడానికైనా వీలుండేది. చువ్వల కిటికీ వెనక కూర్చుని, తోబుట్టువుతో మాట్లాడుతున్నంత మెత్తగా అన్నాడు. కిటికీకి ఇవతల పిన్ని రెండు చేతులతో చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వీధిలో అందరికీ పిన్నే. వెనక వరుసలో ఉన్నవాళ్లంతా ఆ వీధివాళ్లే, బూట్ల ఫ్యాక్టరీ కూలీలే.

"మావాడికి కళ్లు తిరుగుతున్నాయి బాబూ. మొన్న మెట్ల మీంచి పడిపోయాడు. వాళ్ల నాన్నకి పట్టిన జబ్బే వీడికీ పడుతుందేమోనని నేనే మానిపించాను. దానికి ఆయన మాత్రలు ఆపేస్తే ఎలా?"

"అయితే అమ్మాయిని పంపు."

"అది బడికి పోతోంది."

"బడికి పోయినవాళ్లంతా బాగుపడుతున్నారా అమ్మా? నాన్న ప్రాణం కన్నా బడి ఎక్కువా? ఆలోచించుకో. తర్వాత ఎవరు?"

తర్వాత పిట్ట. సన్నగా ఉంటుంది, గబగబా మాట్లాడుతుంది, అందుకని చిన్నప్పటి నుంచీ ఆమెకు ఆ పేరే స్థిరపడిపోయింది. ఆ పూట మాత్రం పిట్ట నోట ఒక్క మాట రాలేదు. పిన్ని ఇంకా చువ్వలు వదల్లేదు. పిట్ట ఆమె భుజం పక్కనుంచి చెయ్యి దూర్చి, తల్లి కోసం ఇచ్చే మాత్రల షీటు అందుకుని, తలొంచుకుని వచ్చేసింది. ఇల్లు చేరేదాకా సిగ్గుతో చచ్చిపోయింది.

ఆ మాత్రల సంగతి చెప్పాలంటే ముందు జిగురు సంగతి చెప్పాలి. బూటు పైభాగాన్ని సోలుకి అంటించేది జిగురు హాల్లో. బ్రష్షుతో జిగురు పూసి, తడి ఆరీ ఆరకముందే రెండూ కలిపి నొక్కాలి. గాలి తగిలితే జిగురు మీద పొర కట్టేస్తుంది, ఇక అంటుకోదు, బూటు పాడవుతుంది. అందుకని ఆ హాలు కిటికీలన్నిటికీ మేకులు కొట్టేశారు. ఫ్యాను లేదు. జిగురు పలచబడడానికి కలిపే థిన్నర్ వాసన లోపలే తిరుగుతూ ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకి మొదట తలనొప్పి వస్తుంది, తర్వాత ఆ వాసనే హాయిగా అనిపిస్తుంది, ఆ తర్వాత నెత్తురు చెడుతుంది. బూటు పాడవకూడదని మనిషిని పాడుచేసే ఏర్పాటు అది. ఆ ఏర్పాటు చేసినవాడికి దయగల మారాజని ఊరంతా పేరు.

ఎందుకంటే నెత్తురు చెడినవాళ్లకి మందు ఇప్పించేదీ ఆయనే. బ్లడ్ క్యాన్సర్‌కి రోజూ వేసుకోవాల్సిన ఆ మాత్ర కూలి చేసుకునేవాళ్లు కొనగలిగేది కాదు. ఉన్నదంతా అమ్ముకున్నా చాలదు. యజమాని తన తల్లి పేరు మీద ట్రస్టు పెట్టి, జబ్బుపడ్డ తన కూలీలకి ఉచితంగా ఇప్పిస్తున్నాడు. ఒకటే షరతు. జబ్బుపడ్డవాళ్ల ఇంటి నుంచి ఒకరు వచ్చి వాళ్ల స్టూలు మీద కూర్చోవాలి. ఇంటికొకరు. కొడుకో, కూతురో, కోడలో. వాళ్లు కూర్చున్నన్నాళ్లు మాత్ర వస్తుంది, లేచిన రోజు ఆగిపోతుంది. పిట్ట కూర్చునే స్టూలు ఒకప్పుడు ఆమె తల్లిది.

పిన్ని సంగతి విని తల్లి అన్నది, "నా షీటులోంచి కొన్ని తుంచి ఇచ్చి రావే. పిన్ని వాళ్లాయన నాకు పని నేర్పినవాడు."

పిట్ట ఇచ్చి వచ్చింది. మాత్ర మింగే ఇళ్లన్నీ అలాగే తలా కొన్ని ఇచ్చాయి. మనవాళ్ల మంచితనం అంత గుడ్డిది. పిన్ని మొగుడు బతకలేదు సరికదా, ఇచ్చినవాళ్ల ఇళ్లలోనూ మాత్రలు ముందే అయిపోయాయి. పిట్ట తల్లికి జ్వరం పట్టుకుంది, చిగుళ్లలోంచి నెత్తురు కారింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇద్దరికీ చీవాట్లు పెట్టింది.

"పంచుకు తినడానికి ఇదేమన్నా చిరుతిండా? మాత్ర తప్పితే జబ్బు ముదురుతుంది. ఇంకోసారి తప్పిందా, ఇక ఈ మాత్ర కూడా పనిచెయ్యదు. అప్పుడు నా దగ్గరికొచ్చి ఏడ్చి లాభం లేదు."

పిన్ని మొగుణ్ణి సాగనంపిన రోజు గుమాస్తా కూడా వచ్చాడు. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మందు మానేస్తే ఇంతే మరి" అని నిట్టూర్చాడు. పోతూ పోతూ పిట్ట తల్లి దగ్గర ఆగి, "మీ అమ్మాయి బాగా కుదురుకుందమ్మా. చెయ్యి మంచి చురుకు. మీకు ఏ దిగులూ లేదు" అన్నాడు. ఆ మెచ్చుకోలు వింటూనే పిట్ట జాకెట్టు చెయ్యి మోచేతి కిందికి లాక్కుంది.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర ఖాళీ స్థలంలో వీధి అంతా చేరింది. కటింగ్ హాల్లో తోలు కోసే బాబాయి కార్మిక సంఘం మనిషి. గొంతు పెద్దది, ఓపిక తక్కువ.

"ఇది చావు కాదు, హత్య" అన్నాడు. "రేపట్నుంచి పని ఆపుదాం. అన్ని హాళ్లూ ఆపుదాం."

"నీకేం బాబాయ్, ఎన్నయినా చెబుతావు" అని లేచాడు జిగురు హాలు కుర్రాడొకడు. "నీ ఇంట్లో మాత్ర మింగేవాళ్లు లేరు. రేపు మాత్రలిచ్చే రోజు. మా ఇళ్లలో షీట్లన్నీ అయిపోయాయి. రేపు మేం పని ఆపితే మా అమ్మ పాడె నువ్వు మోస్తావా?"

"అలా భయపడబట్టే వాడి ఆటలు సాగుతున్నాయి!"

"మందిచ్చే చెయ్యిరా అది" అన్నాడు ఒక ముసలాయన, తనూ మాత్ర మింగేవాడే.

"జబ్బిచ్చిందీ ఆ చెయ్యే కదయ్యా!"

అరుపులు పెరిగాయి. కటింగ్ హాలువాళ్లు వీళ్లని పిరికివాళ్లంటే, మంచి గాలి పీల్చేవాళ్లకేం తెలుసని జిగురు హాలువాళ్లు అన్నారు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు పిట్ట తల్లి గోడ పట్టుకుని నెమ్మదిగా లేచింది. ఏమీ మాట్లాడకుండా కూతురి చెయ్యి లాగి, జాకెట్టు చెయ్యి పైకి తోసింది. మోచేతి మీద నీలంగా మచ్చలు, ఒకదాని పక్కన ఒకటి.

"ఏమే ఇది?"

"తలుపు తగిలిందమ్మా."

"ఇన్ని చోట్లా? ఏం తలుపే అది, వెంటపడి కొట్టిందా?"

ఎవరికీ నవ్వు రాలేదు. పిట్ట చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ మచ్చలు ఎప్పుడు మొదలయ్యాయో ఆమెకి తెలుసు. తెలిసి తెలిసీ రోజూ పొద్దున్నే వెళ్లి స్టూలు మీద కూర్చుంది, ఎందుకంటే లేస్తే తల్లి ఉండదు.

"నాకూ మొదట ఇలాగే వచ్చాయి" అన్నది తల్లి జనం వైపు తిరిగి. "నాకు మాత్ర ఇచ్చి నా కూతుర్ని తీసుకుంటున్నాడు. రేపు దీనికి మాత్ర ఇచ్చి దీని కడుపున పుట్టినదాన్ని తీసుకుంటాడు."

"అయితే ఏం చేద్దాం వదినా?" అన్నాడు బాబాయి. ఈసారి గొంతు తగ్గింది.

"వాడి రూలే పాటిద్దాం. ఇంటికొకరు కూర్చోవాలి, అంతేగా? ఆ ఒక్కరు ఎవరో వాడు చెప్పలేదు. రేపు పిల్లలు గేటు బయట ఉంటారు. మాత్ర మింగేవాళ్లం మేం పోయి కూర్చుంటాం, మా స్టూళ్ల మీద మేమే."

"ఆ వాసన మీకు విషం వదినా!"

"అందుకే కిటికీలు తీసి కూర్చుంటాం."

ఇందాక ఎదురు తిరిగిన కుర్రాడే ముందు బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. కిటికీలు తెరవాలి, ఏ షరతూ లేకుండా మాత్రలివ్వాలి. అడగాల్సినవి ఈ రెండే అని తేల్చుకుని లేచారు. కుట్టు హాలు ఆడవాళ్లు కూడా వస్తామన్నారు.

పొద్దున్నే మాత్ర మింగేవాళ్లు బయల్దేరారు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ నడిచారు. ఏదో బతిమాలుకోవడానికి వచ్చారనుకుని వాచ్‌మన్ గేటు తీశాడు. వాళ్లు తిన్నగా జిగురు హాల్లోకి పోయి ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నారు. మొగుడి స్టూలు మీద పిన్ని కూర్చుంది. మందిచ్చే చెయ్యి అన్న ముసలాయన తోలు లాగే పట్టకారు తీసుకుని, కిటికీల మేకులు ఒక్కొక్కటీ ఊడబీకాడు.

గాలి వచ్చింది. గేటు చువ్వల మధ్యనుంచి పిట్టకి అంతా కనిపిస్తూనే ఉంది. తల్లి ముఖం కిటికీ వైపు తిప్పి కళ్లు మూసుకుంది. లోపల సూపర్‌వైజర్ "జిగురు గడ్డకడుతోంది! మూయండి, మూయండి!" అని గంతులు వేస్తుంటే, బయట పిల్లలు నవ్వారు. ఆ గేటు ముందు ఎవరైనా నవ్వగా పిట్ట ఎన్నడూ చూడలేదు.

గుమాస్తా పరిగెత్తుకొచ్చాడు. అందర్నీ పలకరించి, చివరికి పిన్ని దగ్గర ఆగాడు.

"నీకెందుకమ్మా ఈ గొడవ? మీ ఇంట్లో ఇక మందు వేసుకునేవాళ్లు లేరుగా."

"అందుకే వచ్చాను. నన్ను భయపెట్టడానికి నీ దగ్గర ఇక ఏం మిగిలింది?"

గుమాస్తా మెత్తదనం మొదటిసారి జారిపోయింది. బయటికి వచ్చి ఫోన్ చేశాడు.

పోలీసు వ్యాను వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఫ్యాక్టరీ ఆస్తికి నష్టమన్నాడు. ఒక్కొక్కరినీ రెక్కలు పట్టి లేపారు. పట్టుకున్న చోటల్లా ఒళ్లు కమిలిపోతుంటే ఒక కానిస్టేబులు బెదిరిపోయి చెయ్యి వదిలేశాడు. "ఏమిటయ్యా చూస్తున్నావు, ఎక్కించు!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. పిట్ట తల్లి వ్యాను మెట్టు మీద నిలదొక్కుకుని కూతురి వైపు తిరిగింది.

"మాత్ర అడుగు. అడుక్కోకు" అన్నది. తలుపు వేసేశారు.

మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగింది. గేటు బార్లా తెరుచుకుంది. గుమాస్తా ట్రే నిండా మాత్రల షీట్లు పేర్చుకుని వచ్చి గేటు మధ్యలో నిలబడ్డాడు. గొంతు మళ్లీ మెత్తబడింది.

"నాకూ మనసుంది. లోపలికి నడిచినవాళ్లకి ఇక్కడికిక్కడే చేతిలో పెడతాను. మీవాళ్లకి మాత్ర వేళ దాటిపోతోంది. డాక్టరమ్మ ఏం చెప్పిందో మీకే తెలుసు. కిటికీలకి మళ్లీ మేకులు కొట్టించేశాం. మీరు వచ్చి కూర్చోవడమే ఆలస్యం."

ఎవరూ కదల్లేదు. తర్వాత పిట్ట కదిలింది. వెనకనుంచి "పిట్ట పోతోంది" అన్న మాట వినిపించింది, ఆ మాట అన్నది ఎవరో చూడలేదు. లాకప్‌లో గోడకి చేరబడ్డ తల్లి తప్ప కళ్ల ముందు ఇంకేమీ లేదు. ట్రే దగ్గరికి పోయి తల్లి షీటు తీసుకుంది. గుమాస్తా పక్కకి జరిగి దారిచ్చాడు.

"మంచిదానివి తల్లీ. నడు లోపలికి."

"నడవను."

"ఏమిటి?"

"ఇది నువ్వు పెట్టే భిక్ష కాదు. మా అమ్మ నెత్తురు తాగినందుకు మీరు ఇచ్చి తీరాల్సింది. తీసుకున్నాను. నేను మాత్రం ఇక ఆ స్టూలు మీద కూర్చోను."

గుమాస్తా ట్రే గుండెలకి హత్తుకున్నాడు. కానీ అప్పటికే జిగురు హాలు పిల్లలంతా చుట్టూ చేరారు. కుట్టు హాలు ఆడవాళ్లు వాళ్ల వెనక, కటింగ్ హాలువాళ్లు ఆ ఆడవాళ్ల వెనక. ఎవరూ లాక్కోలేదు, ఎవరూ అతని మీద చెయ్యి వెయ్యలేదు. ఒక్కొక్క ఇంటివాళ్లూ ముందుకొచ్చి తమ ఇంటి షీటు తీసుకున్నారు. పిన్ని కూతురు కూడా ఆ పూట బడి మానుకుని వచ్చింది. ఆమె ట్రే వైపు చూసి, చెయ్యి చాపకుండా పిట్ట పక్కన వచ్చి నిలబడింది. ఖాళీ ట్రేతో గుమాస్తా "దొంగతనం! దొంగతనం!" అని అరుస్తూనే ఉన్నాడు.

వాళ్లు పోలీస్ స్టేషన్ వైపు నడిచారు. దారిలో మరో ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరో ఏమైందని అడిగారు, విన్నారు, చేతిలో పని వదిలేసి వెంట వచ్చారు. మలుపు తిరిగేసరికి వీధికి అడ్డంగా పోలీసులు, హెల్మెట్లతో, లాఠీలతో. ఇన్‌స్పెక్టర్ మైకులో ఏదో చెబుతున్నాడు. ఇంకో అడుగు వేస్తే బాధ్యత తమది కాదంటున్నాడు. దుకాణాల షట్టర్లు ధడేల్ ధడేల్‌మని కిందికి పడుతున్నాయి.

పిట్టకి భయం వేసింది. భయం వెయ్యలేదంటే అబద్ధం. ఆమె ఒకసారి వెనక్కి చూసింది. ఎవరూ వెనుదిరగలేదు. బాబాయి తల ఊపాడు.

పిట్ట మాత్రల షీటు పైకెత్తి పట్టుకుని, లాఠీల వరుస దాకా నడిచి వెళ్లింది.

"మా అమ్మకి మందు వేళయింది" అన్నది. "తప్పుకో."