వెనక్కి అందని సైగ

ఆదివారం పొద్దున ఐదున్నరకి నాచారంలో ఒక చాయ్ కొట్టు ముందు ఆరు సైకిళ్ళు ఆగుతాయి. ఒకరి టైర్లు ఒకరు నొక్కి చూసుకుంటారు. ఎవరి పొట్ట ఎంత తగ్గిందో అబద్ధాలు చెప్పుకుంటారు. చాయ్ అయ్యాక మల్లాపూర్ మీదుగా చెంగిచెర్ల, అక్కణ్ణించి ఘట్‌కేసర్ పక్కగా ఏదులాబాద్ వైపు పోతారు. ఈ కథ చెప్పేవాడు ఒక్కసారి వాళ్ళతో బయల్దేరి చెంగిచెర్లలోనే ఆటో ఎక్కి తిరిగొచ్చిన బాపతు. దూరాల లెక్కల్లో తేడాలుంటే మన్నించాలి.

చెంగిచెర్ల దాటేదాకా ఇసుక కుప్పలు, కుక్కలు, కొత్త ప్లాట్ల బోర్డులు. ఆ తర్వాత దారి హఠాత్తుగా చదునైపోతుంది. ఇస్త్రీ చేసిన చొక్కాలా ఒక్క మిట్టగానీ పల్లంగానీ ఉండదు. రెండు పక్కలా వరి, దాంట్లో కొంగలు. చెయిన్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. యాభై దాటిన వాడికి కూడా కాళ్ళు తనవేనా అనిపించే దారి అది.

అక్కడ వాళ్ళు ఒకరి వెనక ఒకరు, మూరెడు దూరంలో తొక్కుతారు. ముందువాడు గాలిని కోస్తే వెనకవాళ్ళకి సుఖం. కానీ వెనకవాడికి రోడ్డు కనపడదు, ముందువాడి వీపే కనపడుతుంది. అందుకని ఒక కట్టడి ఉంది. ముందువాడికి గుంత కనపడితే కుడిచెయ్యి కిందికి దించి నేలకేసి చూపిస్తాడు. అది చూసి రెండోవాడూ చూపిస్తాడు, మూడోవాడూ చూపిస్తాడు. రెప్పపాటులో సైగ చివరిదాకా పోతుంది.

ఏడాది కిందట వాళ్ళు ఏడుగురు. అందరికన్నా ముందు వెల్డింగ్ పనిచేసే దుర్గేష్. రెండోవాడు బుచ్చిబాబు, తణుకు వైపు మనిషి, ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేసి రిటైరయ్యాడు. మూడోవాడు జీవన్, నాచారం ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని. ఆ రోజు కాలువ దగ్గర దుర్గేష్ చెయ్యి దించాడు. బుచ్చిబాబు చూశాడు. ఆయన చెయ్యి మాత్రం దిగలేదు. జీవన్ ముందుచక్రం గుంతలో పడింది, మనిషి కుడిపక్కకి ఒరిగాడు, ఆ పక్కనించి ఇటుకల లారీ పోతోంది.

ఇంటికి ఫోన్ చేద్దామని జీవన్ వీపు జేబులోంచి ఫోన్ తీసింది బుచ్చిబాబే. అది జారి జీవన్ అరచేతి పక్కనే పడింది. అందరూ వచ్చి చూసేసరికి దాని మీద 'సంతోషి' అని మిస్డ్ కాల్. జీవన్ భార్య సరిగ్గా అప్పుడే చేసింది, వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మని. "ఫోన్ సూస్కుంట తొక్కిండు పిచ్చోడు" అన్నారెవరో. బుచ్చిబాబు కాదనలేదు. ఆ రోజు కాదనలేదు కాబట్టి దశదినకర్మనాడు అనడం బాగుండదనిపించింది. ఆ తర్వాత అనడానికి సందర్భం రాలేదు. మనలాంటి వాళ్ళకి సందర్భం అంత తొందరగా రాదు.

దశదినకర్మ అయిన రెండో రోజు మల్లాపూర్‌లో నడుస్తూంటే ఆయన కుడిచెయ్యి తనంతట తానే దిగి నేలకేసి చూపించింది. అక్కడ నున్నటి తారు. మూడో రోజుకి అక్కడే కారు ముందుచక్రాలు మునిగేంత గుంత పడింది. ఇక అప్పట్నుంచి అంతే. చెయ్యి ఎక్కడ దిగితే అక్కడ గుంత. ఉప్పల్ చుట్టుపక్కల గుంత పడుతుందని చెప్పడానికి మహిమెందుకు, నోరుంటే చాలు అని ఎవరైనా అనచ్చు. కానీ ఫలానా చోట, ఫలానా సైజులో అని చెప్పడం వేరు. టెంట్లు వేసేవాళ్ళు గుంజలు పాతే ముందు ఆయన్ని పిలుచుకెళ్ళేవాళ్ళు. ఆటోవాళ్ళు "సార్, జర మా గల్లీల ఒక రౌండేయిన్రి" అనేవాళ్ళు. భార్య రాజేశ్వరమ్మ "వచ్చేటప్పుడు పెరుగు పేకెట్టు తెండి, ఎడంచేత్తో పట్టుకోండి" అని పంపించేది.

జీవన్ తల్లి లక్ష్మీనర్సమ్మ మాత్రం ఏడాదంతా ఒకటే మాట పట్టుకుంది. "కొత్తిమీర కోసం నా కొడుకును సంపినవ్." సంతోషి ఎదురు చెప్పలేదు. ఆమె కూడా అదే నమ్మింది. మళ్ళీ ఫోన్ ముట్టుకోలేదు. సంవత్సరీకం అయ్యేదాకా ఉంచుకుని, ఆ మర్నాడే కోడల్ని జనగామ బస్సెక్కించి తల్లిగారింటికి పంపాలని, ఏడేళ్ళ మనవరాలు హరిణిని మాత్రం తన దగ్గరే పెట్టుకోవాలని ముసలామె తేల్చేసింది. పెద్దమనుషులు కూడా సరేనన్నారు. బుచ్చిబాబుకీ ఆ సంగతి చాయ్ కొట్టు దగ్గరే తెలిసింది. ఆయన ఇంకో చాయ్ చెప్పాడు.

ఆ మర్నాడు ఆదివారమే పడింది. జీవన్ పడ్డ చోట కొబ్బరికాయ కొడదామని బ్యాచ్ అంతా సైకిళ్ళ మీద బయల్దేరింది. వెనక చంద్రయ్య ఆటోలో అత్తాకోడళ్ళు. కోడలి కాళ్ళ దగ్గర బట్టల సంచి. కాయ కొట్టాక ఆటో అటునుంచటే ఉప్పల్ రింగ్ రోడ్డుకి, అక్కడ బస్సు.

చెంగిచెర్ల దాకా బుచ్చిబాబు చెయ్యి, ఉన్న గుంతలూ పడబోయే గుంతలూ కలిపి, పదకొండు చోట్ల దిగింది. ఆ తర్వాత చదును దారిలో ఒక్కసారి కూడా దిగలేదు. కాలువ దగ్గర దుర్గేష్ ఆగాడు. గుంత ఎప్పుడో పూడ్చేశారు, ఆనవాలు కూడా లేదు. బుచ్చిబాబు సైకిల్ దిగాడు. కుడిచెయ్యి కిందికి దిగింది.

"ఏంది సారూ, మళ్ళ పడ్తదా గుంత?" అంది లక్ష్మీనర్సమ్మ ఆటోలోంచి.

"పడుతుందండీ. రెండు మూడు రోజుల్లో" అన్నాడు బుచ్చిబాబు.

చెయ్యి బరువెక్కింది. భుజం వంగింది. ఎడంచేత్తో పైకి లాగి చూశాడు. లేవలేదు. నీళ్ళ బిందెని చూపుడువేలికి తగిలించినట్టుంది.

"జరగున్రి సార్, కాయ కొడ్తం" అన్నాడు దుర్గేష్.

"కాస్త ఆగు. పట్టేసింది."

"ఆ దినం గిట్లనే సూపిన్రు గదా సార్. నేన్ సూపిన, మీరు సూపిన్రు. వాడే సూడలె. ఫోన్ల మునిగిండు."

"అవును" అన్నాడు బుచ్చిబాబు.

ఆ మాటతో మోకాళ్ళు నేలని తాకాయి. వేలు తారుకి ఆనింది. వెనక గడ్డి ట్రాక్టర్ ఒకటి ఆగి హారన్ కొట్టింది. చంద్రయ్య దిగి "కొంచెం ఆగన్నా, సార్ సూపిస్తున్నడు" అని చెప్పొచ్చాడు. ట్రాక్టరాయన ఇంజన్ ఆపి బీడీ వెలిగించాడు.

సంతోషి ఆటో దిగి వచ్చింది. పడిపోయాడనుకుని చంకకింద చెయ్యేసి లేపబోయింది. "లేవున్రి సార్. మీకెందుకింత కష్టం."

బుచ్చిబాబు ఆమె మొహం చూడలేదు, రోడ్డుతోనే చెప్పాడు. "నేను చూపించలేదమ్మా."

"ఏంది సార్?"

"దుర్గేష్ చూపించాడు. నేను చూశాను. వెనక్కి చూపించలేదు. వాడికి గుంత ఉందని తెలీదు."

దుర్గేష్ చేతిలో కొబ్బరికాయ అలాగే ఉంది. "ఫోన్ సార్? చేతిల ఫోనుండె గదా."

"వీపు జేబులో ఉంది. నేనే తీశాను. మోగుతున్నా వాడు ముట్టుకోలేదు. బండి మీదుంటే వాడెప్పుడు ముట్టుకున్నాడు?"

ట్రాక్టర్ మీదాయన బీడీ పారేశాడు. లక్ష్మీనర్సమ్మ ఆటో కడ్డీ పట్టుకుని ముందుకి వంగింది. వినపడలేదేమో అనుకుని చంద్రయ్య మళ్ళీ చెప్పబోయాడు. ఆమె చేత్తో వారించింది.

సంతోషి ఆయన చంకకిందనించి చెయ్యి తీసేసింది. "మరి మీ చెయ్యేం జేస్తున్నది సార్?"

"అరటిపండు తింటున్నాను. సగం ఉంది. ఒక్క ముక్క కొరికాక చూపిద్దామని."

"మిగిలిన సగం తిన్నరా?"

అబద్ధం చెప్పడానికి ఇంక భుజంలో సత్తువ లేదు.

"తిన్నానమ్మా. అంబులెన్సు వచ్చేలోపు. చేతిలో ఉండిపోయింది, ఏం చెయ్యాలో తెలీలేదు."

ఆమె తిట్టలేదు. కొట్టలేదు. జీవన్ పడ్డ చోటికేసి చూసి, ఆయనతో కాకుండా జీవన్‌తో అన్నట్టు, మెల్లిగా అంది. "నేనేమో రోజూ నిన్నే తిడ్తున్న. ఎత్తకపోతేంది ఆ ఫోన్ అని."

వెళ్ళి ఆటో ఎక్కింది. లక్ష్మీనర్సమ్మ కోడలివైపు చూడలేదు. ఏడాది పాటు అన్న మాటలు వెనక్కి తీసుకునే విద్య ఆ ముసలామెకి రాదు. వంగి, కోడలి కాళ్ళ దగ్గరున్న సంచి లాగి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఉప్పల్‌కే కదమ్మా?" అన్నాడు చంద్రయ్య.

"ఇంటికి పోనియ్. పోరి లేస్తది, దానికి అన్నం బెట్టాలె."

ఆటో తిరిగింది. కొబ్బరికాయ ఎవరూ కొట్టలేదు. దుర్గేష్ దాన్ని కాలువలో వేసి సైకిలెక్కాడు. మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు, మూరెడు దూరంలో, బుచ్చిబాబుని చుట్టి వెళ్ళారు. ట్రాక్టర్ కూడా పక్కకి దిగి పోయింది.

చెయ్యి దానంతటదే పైకొచ్చింది. దూదిలా తేలిగ్గా, ఎవరి చెయ్యైనా ఉండేలాగే ఉంది. బుచ్చిబాబు మోకాళ్ళు దులుపుకుని సైకిలెక్కాడు. ముందు వీపు లేదు, వెనక చక్రం లేదు. చెంగిచెర్ల చేరాక మొదటి గుంతలో పడ్డాడు, ఆ తర్వాత రెండోదాంట్లో. పొద్దున తను చూపించిన గుంతలే అవి, కానీ ఇప్పుడు ఒక్కటీ గుర్తుపట్టలేకపోయాడు. నాచారం ఇంకా చాలా దూరం ఉంది. రెండు చేతులతో హ్యాండిల్ గట్టిగా పట్టుకుని తొక్కుతూనే ఉన్నాడు.