బండి కదిలితే నిండని బ్యాటరీ

ముప్పై రెండేళ్లు కరెంటు స్తంభాలెక్కి బతికినవాణ్ణి. పదకొండు వేల వోల్టుల లైనుతో వేగిన ఈ ఈరన్నను, రిటైరయ్యాక పన్నెండు వోల్టుల డబ్బా ఒకటి ముప్పుతిప్పలు పెట్టింది. చెప్పుకుంటే సిగ్గుచేటు. అయినా చెబుతాను.

గద్వాలలో బడిపిల్లలను మోసి మోసి మూలపడ్డ వ్యాను ఒకటి కొన్నాను. సీట్లు పీకించి మంచం, పొయ్యి, ఫ్యాను, చిన్న ఫ్రిజ్ పెట్టించాను. మంచం కింద పెద్ద బ్యాటరీ. బండి స్టార్టు కావడానికి ముందున్నది వేరే, ఇది ఇంటి అవసరాలకు. బండి నడుస్తున్నంతసేపూ ఇంజన్ దాన్ని నింపుతుంది, ఆగినప్పుడు మనం వాడుకుంటాం. మంచం పక్కన ఒక ఎర్ర పిడి ఉంటుంది. కుడికి తిప్పితే బ్యాటరీ కలుస్తుంది, ఎడమకు తిప్పితే మొత్తం బంద్. "గిది మన ఇంటి మెయిన్ లెక్క అనుకో" అని నా భార్య జమ్ములమ్మకు మొదటిరోజే చూపించాను. ఆమె బుద్ధిగా తలూపింది.

ఫ్రిజ్ ఆమె కోసమే. జమ్ములమ్మకు షుగర్. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ సూది. మా ఎండలకు సీసాలు చల్లగా లేకపోతే మందు నీళ్లతో సమానం. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆమెను ఎక్కడికీ తిప్పలేదు. గాలివాన వస్తే చాలు, అన్నం కంచం ముందు నుంచి లేచి పోయేవాణ్ణి. లింగాలలో ఉన్న చెల్లెలి ఇల్లు చూసి ఆమెకు పదకొండేళ్లయింది. ఈ ఎండాకాలం తీసుకుపోతానని మాటిచ్చాను.

ఇంట్లో కరెంటు పెట్టి బ్యాటరీ నిండుగా నింపుకొని బయలుదేరాం. మల్దకల్‌లో వెంకన్న దర్శనం, రాత్రి అక్కడే పడక. మర్నాడు ఇటిక్యాల చేరాం. సాయంత్రానికి ఫ్రిజ్ ఆగిపోయింది. మీటరు పెడితే పదకొండున్నర వోల్టులు. నిండిన బ్యాటరీ పన్నెండున్నర పైన చూపాలి. దారంతా ఇంజన్ నడిచింది కదా, మరి నిండలేదేం? ఇంజన్ స్టార్టు చేసి, దిగి, వెనక్కి వెళ్లి మళ్లీ మీటరు పెట్టాను. పద్నాలుగు! భేషుగ్గా నిండుతోంది.

నాకు తల తిరిగింది. బ్యాటరీ అమ్మినవాడికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు ఓపిగ్గా విని, "నిండుతుందంటున్నవు, మల్ల నిండుతలేదంటున్నవు. ముందు నువ్వొక మాట మీద ఉండు పెద్దాయనా" అన్నాడు. కోపం వచ్చింది గానీ, వాడన్నదాంట్లో తప్పేమీ లేదు.

అక్కడే నిలబెట్టి గంటసేపు ఇంజన్ నడిపాను. ఫ్రిజ్ కూసింది. మర్నాడు వనపర్తికి పోయేసరికి సీసాలు గోరువెచ్చగా ఉన్నాయి. వాటితోనే సూది వేసుకుంది. తెల్లారి ఫ్రిజ్ చచ్చి ఉంది, జమ్ములమ్మ కళ్లు తిరిగి కూలబడింది. దవాఖానలో షుగర్ మూడు వందల ఎనభై ఆరు అన్నారు. డాక్టరమ్మ నన్ను చిన్నపిల్లాడిని తిట్టినట్టు తిట్టింది. తలొంచుకొని కొత్త సీసాలు తెచ్చాను.

"ఇంకొక్కసారి గిట్లయితే ఇంటికి మర్రుదాం. నాకు లింగాల వద్దు, ఏమొద్దు" అంది జమ్ములమ్మ. మంచం మీద పడుకొని, గోడవైపు తిరిగి అంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

వనపర్తిలో ముజమ్మిల్ అని ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. నలభై ఏళ్లవాడు, చేయి తిరిగినవాడు. అతను వైర్లన్నీ లాగి చూశాడు. బ్యాటరీకి లోడు పెట్టి చూశాడు. ఇంజన్ నుంచి వచ్చే తీగ ఒకటి అనుమానంగా ఉందని మార్చాడు. ఇంజన్ స్టార్టు చేస్తే పద్నాలుగు పాయింట్ రెండు.

"అన్నీ మంచిగనే ఉన్నయ్ కాకా. గిదేందో నాకైతే సమజైతలేదు."

"నాకు సమజైతే నీ దగ్గరికెందుకొస్త?"

"నిలబడితే నిండుతుంది, నడిస్తే నిండుతలేదంటున్నవు. సరే, నడుస్తుండగనే చూద్దాం. నేను నడుపుత, నువ్వు ఎనక కూసో."

కొత్తకోట రోడ్డు పట్టాం. ముజమ్మిల్ స్టీరింగ్ మీద, నేను మీటరు పట్టుకొని నేల మీద. జమ్ములమ్మ మోకాళ్ల నొప్పులకు ఎప్పుడూ మంచం మీదే కాళ్లు చాపుకొని కూర్చుంటుంది. ఇప్పుడు కూడా కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. ఐదు కిలోమీటర్లు పోయినా మీటరు పద్నాలుగు నుంచి కదల్లేదు.

నిండుతోంది! అతను నడిపితే నిండుతోంది, నేను నడిపితే నిండటం లేదు. బండికి నా మీద పగ ఏమైనా ఉందా అని నిజంగానే అనుమానం వచ్చింది. ముప్పై రెండేళ్ల సర్వీసు ఉన్నవాడు అనుకోవలసిన మాటేనా అది? అనుకున్నాను మరి.

"నీ చేతిలనే ఏదో ఉంది కాకా" అని ముజమ్మిల్ నవ్వాడు.

"నవ్వకు. దిగు. ఇప్పుడు నేను నడుపుత, నువ్వు చూడు."

మీటరు అతని చేతికిచ్చి స్టీరింగ్ దగ్గర కూర్చున్నాను. ఫర్లాంగు కూడా పోలేదు, వెనకనుంచి కేక.

"కాకా, బండాపు! జల్దీ ఆపు!"

ఆపి, దిగి, వెనక తలుపు తీశాను. ముజమ్మిల్ నోరు తెరుచుకొని జమ్ములమ్మనే చూస్తున్నాడు. ఆమె చెయ్యి ఎర్ర పిడి మీద ఉంది.

"అమ్మనే కాకా! నువ్వు సీట్ల కూసోంగనే ఎడమకు తిప్పింది. నువ్వు దిగంగనే మల్ల కుడికి తిప్పింది. నా కండ్లతోని చూసిన!"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏందే గిది? నాలుగొద్దుల సంది నేను పిచ్చోని లెక్క తిరుగుతున్న. నువ్వు కండ్లు తిరిగి పడితివి. ఎందుకు తిప్పుతున్నవ్?"

జమ్ములమ్మ నావైపు వింతగా చూసింది. అడగరానిది అడిగినట్టు.

"నువ్వు పనిల ఉంటే నేను మెయిన్ బందు పెడ్త గదా."

"ఏ మెయిన్?"

"మనింటి మెయిన్. దేవరాజు పోయిన కాడి నుంచి."

దేవరాజు నాతోపాటు లైన్‌మెన్. మా పద్ధతి ఏమిటంటే, స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి లైను బంద్ చేయించుకుంటాం. దాన్ని ఎల్‌సీ తీసుకోవడం అంటాం. ఆరోజు తీసుకున్నాం. కానీ కింద ఎవరో మెయిన్ దించకుండా ఇంట్లో జనరేటర్ వేశారు. ఆ కరెంటు ఎదురు నడిచి లైనులోకి వచ్చింది. దేవరాజు నా కళ్లముందే పోయాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి, "ఎవరో ఇంట్ల మెయిన్ బందు పెట్టలే, మనిషి పాయె" అని ఆమెతో ఒక్కసారే అన్నాను. తర్వాత ఆ మాట ఎత్తలేదు.

ఇరవై నాలుగేళ్లు. నేను గడప దాటిన ప్రతిసారీ ఆమె మెయిన్ దించి, ఫ్యాను లేకుండా, లైటు లేకుండా కూర్చుంది. నా బండి చప్పుడు వినగానే ఎత్తేది. నేను వచ్చేసరికి ఫ్యాను తిరుగుతూ ఉండేది, కాబట్టి నాకు తెలియలేదు. మా ఇంట్లో జనరేటర్ లేదు. మా ఇంటి కరెంటు ఎవరినీ ఏమీ చేయలేదు. ఆ సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

"గా స్టీరింగు ఇనుముదే గదా. నువ్వు దాన్ని పట్టుకొని కూసుంటే నాకు గుండెలు దడదడమంటయ్."

"మరి నీ సూదిమందు?"

"మందు మల్ల కొనుక్కోవచ్చు" అంది.

నాకు ఏడుపొచ్చింది. ముజమ్మిల్ ముందు, రోడ్డు పక్కన, అరవై రెండేళ్ల మనిషిని, కండువా మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చాను. ముజమ్మిల్ అటు తిరిగి మీటరు తీగలు చుట్టసాగాడు.

ఇది చిన్న కరెంటు, చేత్తో పట్టుకున్నా ఏమీ కాదని బ్యాటరీ తీగలు పట్టి చూపించాను. సరే అంది. కానీ నేను సీట్లో కూర్చోగానే ఆమె చెయ్యి పిడి మీదికి పోవడం అద్దంలో కనిపించింది. పాపం, ఆపుకోలేకపోతోంది. అప్పుడు ఒకటి తోచింది. పని అయిపోయాక మేం సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, మనుషులంతా దిగారని చెప్పి, ఎల్‌సీ వాపసు ఇస్తాం. ఆ తర్వాతే లైనులో కరెంటు వదులుతారు. దగ్గర్లో పనైతే ఇంటికొచ్చే ఆ ఫోన్ చేసేవాణ్ణి, ఆ మాట ఆమె వందసార్లు విన్నది.

వెనక్కి తిరక్కుండానే గట్టిగా అన్నాను. "ఈరన్న, లైన్‌మెన్, గద్వాల సెక్షన్. మనుషులందరూ కిందికి దిగిండ్రు. ఎల్‌సీ వాపస్."

వెనకనుంచి పిడి కుడికి తిరిగిన చప్పుడు, దాని వెంటే ఫ్రిజ్ కూత.

ముజమ్మిల్‌ను వనపర్తిలో దింపి, లింగాల చేరాం. ఆమె చెల్లెలు కొత్త చీర పెట్టింది. దారిపొడవునా బండి తీసేముందు ప్రతిసారీ ఆ మాట చెప్పాను. నాగర్‌కర్నూల్లో టీ తాగి తొందరలో ఒక్కసారి మరిచిపోయాను. పది కిలోమీటర్లు పోయాక చూస్తే ఫ్రిజ్ ఆగి ఉంది. ఈసారి ఎవరినీ తిట్టలేదు. తప్పు నాదే.