ఎంగిలి కాని కోకో

"ఏంటి, ఇంకా అవలేదా?" అని హాల్లోంచి మా ఆయన రాఘవేంద్ర కేక. పొద్దున్నే కోకో కలిపే పని నాది. వేడినీళ్లలో పొడి ఉండకట్టకుండా చిలకాలి, పైన నురగ రావాలి. ఆయన గుండెకు స్టెంట్ వేశాక మొదలైన వైభోగం ఇది. సినిమాలకు కథలు రాస్తారు కాబట్టి దీనికీ ఒక కథ కట్టారు. జూబ్లీ హిల్స్‌లోని మా ఇంటికి కథాచర్చలకు వచ్చే ప్రతివాళ్లకూ వినిపిస్తారు. "ఎప్పుడో మెక్సికోలో రాజులూ యోధులూ తాగేవాళ్లయ్యా. తర్వాత యూరప్ వైద్యులు మందుగా ఇచ్చారు. రక్తనాళాలకి మంచిదని ఇప్పటి సైంటిస్టులూ అంటున్నారు. పంచదార వెయ్యకుండానే ఎంత తియ్యగా ఉందో చూడు." ఒకసారి, "అప్పట్లో ఆడవాళ్లకి ఇచ్చేవాళ్లు కాదట" అని కూడా అన్నారు. అందరూ నవ్వారు. ట్రే పట్టుకుని నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ కోకో రుచి నాకు తెలియదు. "మగవాడికి అందించేది ముందు మనం నోట పెట్టకూడదు, ఎంగిలవుతుంది" అని మా అత్తగారు శకుంతలమ్మ నేను కాపురానికి వచ్చిన రోజే చెప్పారు. కూరలో ఉప్పు కూడా వాసన బట్టే తెలుసుకోవాలి. కొంతకాలంగా మెట్లెక్కితే నాకు ఛాతీ బరువెక్కుతోంది. "గ్యాసు, కాస్త వాము నములు" అన్నారు అత్తగారు. "ఇంట్లోనే ఉంటావు, నీకేం టెన్షన్లు?" అన్నారు ఈయన. వంటా, అత్తగారి మందులూ, వేళాపాళా లేకుండా దిగే కథాచర్చల మందికి టిఫిన్లూ ఈయన దృష్టిలో పనులు కావు.

మొన్న రక్తపరీక్షలో ఈయనకు షుగర్ పెరిగిందని తేలింది. "ఏం కలుపుతున్నావే అందులో?" అని నా మీద ఇంతెత్తున లేచారు. ఆ పొడి తెప్పించింది ఆయనే, సీసాలో పోయించి ఇచ్చిందీ ఆయనే. ఆ సీసా సంచిలో వేసుకుని ఆయనతో డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఫిల్మ్ నగర్‌లో క్లినిక్ మెట్ల మధ్యలో నేను ఆగిపోతే డ్రైవర్ జంగయ్య సంచి అందుకున్నాడు.

"గింత ఆయాసమేందమ్మా? సారుతోని మీరు గూడ చూపెట్టుకోరాదు?"

డాక్టర్ కుసుమకుమారి సీసా మూత తీసి చిటికెడు పొడి నాలుక మీద వేసుకున్నారు.

"అసలు కోకో చేదుగా ఉంటుందండీ. ఇది పిల్లలు పాలల్లో కలుపుకునేది, సగానికి సగం పంచదారే. అసలుదైనా కొంత మేలు చేస్తుందేమో గానీ మాత్రలకు బదులు కాదు. మీరెప్పుడూ రుచి చూడలేదామ్మా?"

"చూడకూడదన్నారండీ."

ఈయన తల దించుకున్నారు. డాక్టర్ మాత్రం నన్నే చూస్తున్నారు. నా చెయ్యి ఛాతీ మీద ఉందని నాకప్పుడు తెలిసింది.

"మీకేమైనా ఇబ్బందా?"

నేను నోరు తెరిచేలోపే ఈయన, "తనకి గ్యాసండీ, ఎప్పుడూ ఉండేదే" అన్నారు.

"మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నాను ఆయనతో. పెళ్లయ్యాక ఆయన్ను ఎక్కడికైనా పొమ్మనడం అదే మొదలు. ఆయన తలుపు దాటేదాకా ఆగి, కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"గ్యాస్ కాదు డాక్టర్ గారూ. నా గుండె గురించి నేను చెబుతాను."