మూర్తిగారి పల్లె

చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకొచ్చాడు ఆయన, ఇంటి దగ్గరే చూసి సరిచేయాల్సింది, ఇప్పుడు ఇంతమందిలో, కార్లు దిగుతున్న ఈ కుర్ర సాఫ్ట్‌వేర్ జంటల మధ్య, మొగుడి ఛాతీ మీద చెయ్యేసి గుండీలు విప్పి పెడితే ఏం బాగుంటుంది అనుకుంటూనే రాజ్యలక్ష్మి చెయ్యి చాచింది, మూర్తి ఒక అడుగు వెనక్కి వేశాడు, కోపంగా కాదు, బస్సులో పక్కమనిషికి దారిస్తున్నట్టు, పోనీలే, గుండీలదేముంది, ముందు నడుస్తున్న పూజిత వెనక్కి తిరిగి అమ్మా, నాన్న చెయ్యి వదలకు అంటోంది, వదలక తనెక్కడికి పోతుంది, వదిలించుకునేదే ఆయన, అల్లుడు నిఖిల్ చెవికి ఫోను అంటించుకుని సోమవారం రిలీజ్ అనీ ఇంకేదో అనీ చెబుతూ వస్తున్నాడు, మనవరాలు చిన్ని అప్పుడే గేటు దాటేసింది, అంతా పూజిత పట్టుదల, మాదాపూర్‌లో వాళ్ల ఆఫీసువాళ్లు ఎవరో చెప్పారట, ఫిల్మ్‌నగర్ వెనక రాళ్లగుట్ట వాలులో వందేళ్ల కిందటి ఊరు ఎలా ఉండేదో అలాగే కట్టారమ్మా, మట్టిళ్లు, మగ్గం, గానుగ, కుమ్మరి సారె, మనుషులు అందులో నిజంగా పనిచేస్తుంటారు, దసరా సెలవులకి పిల్లలచేత బతుకమ్మలు పేర్పిస్తారు, కొలువు బొమ్మలు చేయిస్తారు, బంజారా హిల్స్ డాక్టరు చెప్పాడు కదా, మరుపు జబ్బుకి బాగా అలవాటైన చోట్లకి తీసుకెళ్లమని, నాన్నకి పల్లెలంటే ప్రాణం కదమ్మా అంది, పల్లెలంటే ప్రాణమే, కానీ ఏ పల్లెలు, బందరులో మేడమీద పుట్టిన మనిషికి తెలిసినవల్లా తను కట్టిన పల్లెలే, ప్లైవుడ్డూ గోనెపట్టా ప్లాస్టరూ, ముందునుంచి చూస్తే పెంకుటిల్లు, వెనక్కెళితే సరుగుడు కర్రల ఆసరా, మద్రాసులో కొన్నాళ్లు, సినిమా పరిశ్రమ ఇటు వచ్చేశాక ఇక్కడ మరికొన్నాళ్లు, కళాదర్శకుడు సత్యనారాయణమూర్తి సెట్ వేస్తే కాకులు మోసపోయి చూరు మీద వాలేవని చెప్పుకునేవారు, ఆ మాట కూతురితో అనలేదు రాజ్యలక్ష్మి, ఆ పిల్ల మొహంలో ఆశ చూసి ఊరుకుంది, నిజం చెప్పాలంటే తనకీ కాస్త ఆశగానే ఉంది.

లోపలికి వెళ్లగానే ఆయన నడక మారింది, ఇంట్లో పడగ్గది నుంచి హాలుకి రావడానికి గోడ పట్టుకునే మనిషి చేతులు వెనక్కి కట్టుకుని తల పైకెత్తి నిలబడ్డాడు, వీధంతా ఒకసారి కలయజూసి మొదటి ఇంటి వెనక్కి గబగబా వెళ్లాడు, రాజ్యలక్ష్మి పరుగులాంటి నడకతో వెంటపడింది, వెనక కర్రల ఆసరా ఏమీ లేదు, మామూలు పెరడు, బట్టలుతికే బండ, ఓ కోడి, ఆయన గోడని వేలి కణుపులతో తట్టి చూశాడు, చెవి ఆనించి మళ్లీ తట్టాడు, భేష్, గట్టిగా వేశార్రా అన్నాడు, ఎవరితో అన్నాడో తెలీదు గానీ ఇన్ని నెలల్లో ఇంత తెలివిగా పలికిన మాట ఇదే, వాకిట్లో బుచ్చమ్మ అనే ఆవిడ తాంబాళంలో తంగేడు పూలూ గునుగు పూలూ పేర్చి చూపిస్తోంది, చుట్టూ పిల్లలు, ఆయన తిన్నగా వెళ్లి ఆ పళ్లెం ఇటు జరపమ్మా, అక్కడ నీడలో పసుపు పలకదు, కెమెరా ఇక్కడుంటుంది అన్నాడు, పూజిత కంగారుగా సారీ అండీ, నాన్నకి ఒంట్లో అంటూ మొదలెట్టేసరికి బుచ్చమ్మకి సంగతి అర్థమైపోయినట్టుంది, ఏం ఫికర్ లేదు బిడ్డా, గీడ వెట్టాల్నా సారూ, నువ్వెట్ల చెప్తే గట్లనే అంటూ జరిపింది, ఆయన రెండడుగులు వెనక్కి వేసి ఒక కన్ను మూసి చూశాడు, ఇంకొంచెం, ఆఁ, చాలు, పూజిత తల్లి భుజం పట్టుకుని అమ్మా చూడమ్మా, నాన్న ఎలా మాట్లాడుతున్నాడో చూడు అని ఏడుస్తూ నవ్వుతోంది.

చూస్తోంది, ఆయన్ని ఇలా చూడటం ఇదే మొదటిసారేమో, లేదు, ఇంకొకసారి చూసింది, పూజిత చంకలో ఉన్నప్పుడు, మద్రాసులో, సెట్ చూద్దువుగాని రా అని తీసుకెళ్లాడు, కథానాయిక వంటిల్లు వేశాడు, పొయ్యి పక్కనే ఓ కిటికీ, బయట జామచెట్టు, పొగ కళ్లలోకి రాకుండా గాలి ఎటునుంచి వస్తుందో కూడా లెక్కగట్టి పెట్టిన కిటికీ, తను ఎన్నేళ్లుగానో మన వంటింట్లో ఒక్క కిటికీ కొట్టించండి అని అడుగుతుంటే ఊఁ అని ఊరుకున్న మనిషి, సెట్లో పనివాళ్లు నవ్వుకుంటారని ఏమీ అనలేక చాలా బాగుందండీ అని వచ్చేసింది, పూజిత పుట్టినప్పుడు గోదావరి ఒడ్డున ఏదో ఊరు కడుతున్నాడు, పురుడు వెళ్లాక వచ్చాడు, రాజ్యలక్ష్మి తల్లి పోయినప్పుడూ అంతే, ఈ షెడ్యూలు ఒక్కటీ అయిపోనీ రాజ్యం, తర్వాత అంతా నీ దగ్గరే అనేవాడు, అబద్ధమనుకోలేదు తను, నిజంగానే అనేవాడు, అందుకే ఎదురుచూసింది, షెడ్యూళ్లు అయిపోయాయి, కంప్యూటర్లో ఊళ్లు కట్టే పిల్లలొచ్చారు, పిలుపులు తగ్గాయి, హమ్మయ్య అనుకుంది, పాపిష్టిది, ఆయన పని పోయినందుకు లోలోపల సంతోషించింది, ఇంకేముంది, ఇక ఆయన తనవాడే అనుకునేసరికి మొదట తాళాలు మరిచాడు, తర్వాత వీధి, తర్వాత పెళ్లాం పేరు.

రాజ్యం అని పిలిచి ఎన్నాళ్లయింది, అదిగో ఇటే వస్తున్నాడు, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, పెదవుల మీద నవ్వు, పెళ్లిపీటల మీద కూడా అంత నిండుగా నవ్వలేదు, రాజ్యలక్ష్మి తెలియకుండానే పైట సర్దుకుంది, జుట్టు చెవి వెనక్కి తోసుకుంది, ఈ వయసులో ఇదేం దడ, పిలుస్తాడు, ఇప్పుడు పిలుస్తాడు, ఆయన ఆమె ఎదురుగా ఆగి, గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా, పొద్దున్నే వచ్చినట్టున్నారు, మీ షాట్‌కి ఇంకా ఆలస్యమవుతుందమ్మా, ఎండలో నిలబడకండి, కృష్ణానగర్ నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులందరికీ భోజనాలు అటువైపు పెడుతున్నారు, వెళ్లి తినండి అన్నాడు, పూజిత నాన్నా, అమ్మ నాన్నా, అమ్మ అని అరిచింది, అమ్మగారే, కాదన్నానా, పెద్దావిణ్ణి ఇలా ఎండలో నిలబెట్టేశారేం, ఈవిడ వెంట ఎవరూ రాలేదా అన్నాడు ఆయన, నిఖిల్ ఫోను కట్టేశాడు, చిన్ని తాతయ్య వంకా అమ్మమ్మ వంకా చూస్తూ నిలబడిపోయింది, ఏదో ఒకటి అనాలి, అనకపోతే ఆ పిల్ల మొహం అలాగే ఉండిపోతుంది, సరేనండీ, వెళ్తాను అంది రాజ్యలక్ష్మి.

రేకుల పందిరి కింద బల్ల మీద కూర్చుంది, ఎవరో విస్తట్లో జొన్నరొట్టె వేశారు, పూజిత పక్కనే కూర్చుని ఏడుస్తోంది, అమ్మా, జబ్బమ్మా అది, నాన్న కాదు, జబ్బు అంటోంది, అవును, ఇన్ని నెలలూ తనూ అదే అనుకుంది, జబ్బు రోజూ వచ్చి ఆయనలోంచి తనని కొంచెం కొంచెంగా తవ్వుకుపోతోందని, అందుకే పెళ్లిఫొటోలు ముందు పెట్టి వేలితో చూపించింది, నా పేరేమిటి చెప్పండి అని పసివాణ్ణి అడిగినట్టు అడిగింది, చెప్పకపోతే వంటింట్లోకెళ్లి ఏడ్చింది, అక్కడ ఎండలో ఆయన ఏ గోడకి ఏ మట్టి పూయాలో చెబుతున్నాడు, సున్నంలో ఎంత బెల్లం నీళ్లు కలపాలో చెబుతున్నాడు, ఒక్క మాట తడబడటం లేదు, ఏదీ పోలేదు, ఆయన బతికిన చోటు ఆయనకి చెక్కుచెదరకుండా ఉంది, పనివాళ్లూ, ఎండా, గోడలూ, వేళకి తిన్నారో లేదో కనుక్కోవలసిన జూనియర్ ఆర్టిస్టులూ, అందరూ ఉన్నారు, తనని ఏనాడూ తిన్నావా అని అడగని ఆ మనిషి ఇతను కాదు, అతనెవరో ఇంటికి వచ్చిపోతుండేవాడు, షెడ్యూలుకీ షెడ్యూలుకీ మధ్య అలసిపోయి వచ్చి పడుకుని లేచి వెళ్లేవాడు, వచ్చిపోయే చోట అన్నం పెట్టినావిడ పేరు ఎవరికి మాత్రం ఎన్నాళ్లు గుర్తుంటుంది, ఏడవకే పూజితా, జబ్బు పాపం ఏమీ చెయ్యలేదు అనబోయి ఆగింది, ఆ పిల్లకి తండ్రి అక్కర్లేదా, రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది, మరుపు ఆయనలోంచి తనని తీసుకుపోలేదు, తీసుకుపోవడానికి అక్కడ తను ఎప్పుడూ లేదు.