మా కారు కంట్లో దూది

గువ్వలచెరువు ఘాటులో కారు లైట్లు రెండూ ఆరిపోయిన పొద్దు నేను కిందికి ఎట్లా దిగానో కమలాపురంలో తెలియనివాడు లేడు. ఉంటే వాడు ఊరికి కొత్త. ఎదురుగా ఒక చిరుతపులి వచ్చింది. హారను కొట్టాను. అది బెదిరి రోడ్డు వెంబడే దిగువకు పరుగెత్తింది. ఊరకే పరుగెత్తిందా, మలుపు మలుపుకూ వెనక్కి తిరిగి చూసింది. దాని కండ్ల వెలుతురులోనే ఘాటంతా దిగాను. కింద టీ అంగడి దగ్గర ఆగి దానికొక బన్ను కూడా వేశాను.

ఇది చెప్పినప్పుడల్లా ఎవడో ఒకడు నవ్వుతాడు. అప్పుడు అందరూ హుసేన్ వలి వైపు తిరుగుతారు. వలి బస్టాండు పక్కన పరుపులు కుట్టే అంగడి పెట్టుకున్నవాడు, బడిలో నా పలక మీద సగం రాసుకున్నవాడు. నవ్వడు, కన్ను గీటడు. "నేను పక్కనే ఉంటి" అంటాడు. ఆ మాటతో పులి నిజమైపోతుంది.

ఆ వలి మనవరాలు సాజియా పెండ్లి వచ్చింది. ఆ పిల్ల తొట్టెలో ఉన్నప్పుడే మాట ఇచ్చాను, అత్తగారింటికి నా కారులో నేనే తోలుకొని పోతానని. పెండ్లికొడుకుది వేంపల్లె. పగలు నిఖా, సందకాడ సాగనంపడం. కారు కడిగి, సీట్లకు కొత్త గుడ్డలు వేయించి సిద్ధంగా ఉన్నాను. తెల్లవారితే పెండ్లి అనగా, లైట్లు వేసి చూస్తే కుడిపక్కది వెలగలేదు.

వలి అప్పుడు మా వాకిట్లోనే ఉన్నాడు.

"ఒంటికన్ను బండిలో పెండ్లికూతుర్ని పంపకూడదప్పా. మావోళ్లు ఒప్పుకోరు," అన్నాడు. "పోనీలే, వేరే కారు మాట్లాడతా."

"మీ ఇండ్లల్లో ఇట్లాంటి పట్టింపు ఉండాదని ఇన్నేండ్లకు ఇప్పుడు వింటాండా."

"ఉండాదిలే ఓబులేసూ," అని చెప్పులు వేసుకున్నాడు.

ఒక బల్బు కోసం నా మాట పోతుందా? స్పేర్‌పార్టుల అంగడికి పోయి కొత్త బల్బు తెచ్చాను. "గాజుకు చెయ్యి తగలనీయొద్దు పెద్దాయనా, చేతి జిడ్డుకు పగులుతాది," అన్నాడు అంగడివాడు. సరే, మా ఆవిడ నాగలక్ష్మమ్మను స్టీరింగు ముందు కూర్చోబెట్టి బానెట్ ఎత్తాను. కారు కొట్టంలో గోడకు ముఖం పెట్టి ఉంది కాబట్టి పట్టపగలైనా వెలుతురు గోడ మీద కనబడుతుంది.

లైటు వెనక తీగల పిడిని ఊడబెరికాను. రబ్బరు టోపీ తీశాను. బల్బును పట్టి ఉంచే తీగ కొక్కెం పక్కకు తప్పించి పాతది లాగాను. ఉతికిన పంచె కొంగుతో కొత్తదాన్ని పట్టుకొని దాని గాడిలో కూర్చోబెట్టాను. కొక్కెం, టోపీ, పిడి, అన్నీ మళ్లీ బిగించాను.

"ఎయ్యి."

"ఏసినా. గోడ మీద ఒకే సందమామ ఉండాది," అంది.

"సరిగా ఎయ్యి."

"స్విచ్చి ఏసేదాంట్లో సరిగా ఏముండాది? నీ పనే సరిగా లేదు."

పాత బల్బును వెలుతురుకు పట్టి చూశాను. లోపలి తీగ చెక్కుచెదరలేదు. మరి ఎందుకు వెలగదు? పిడిని మళ్లీ ఊడదీసి, బల్బు కాళ్లు దూరే సందుల్లో గోరు పెట్టాను. మెత్తగా తగిలింది. కండ్లద్దాలు తెప్పించుకొని, నాగలక్ష్మమ్మ తల పిన్నుతో లాగాను. దూది. సందు సందుకూ ఒక చిన్న వత్తి, చుట్టి, నొక్కి, అంచు కనబడకుండా పెట్టిన వత్తి. మందుల అంగడి దూది కాదు. పరుపులకు ఏకిన దూది. నేను రోజూ దాని మీదే పడుకుంటాను, నాకు తెలియదా?

వలి రెండు పొద్దుల ముందు వచ్చి, పూలు కట్టడానికి కారు కొలత చూస్తానన్నాడు. రేడియేటర్లో నీళ్లు కూడా చూస్తానన్నాడు. బానెట్ తాడు లాగింది నేనే. లాగి, వాడికి టీ తెమ్మని చెప్పడానికి లోపలికి పోయింది కూడా నేనే.

ఆ దూది జేబులో పెట్టుకొని అంగడికి పోయాను. వలి పరుపు మీద వంగి కుడుతున్నాడు.

"వలీ, ఇది ఏ పరుపులోదప్పా? మిగిలిపోయినట్లుండాది, ఇచ్చిపోదామని వచ్చినా."

వత్తుల వైపు చూడకుండానే తీసుకొని దూది కుప్పలో వేశాడు. తెల్లటి కుప్పలో అవి కలిసిపోయాయి.

"తీగ తెంపేదానికి చేతులు రాలేదు ఓబులేసూ. నీ బండికి నొప్పి కాకుండానే చేసినా."

"నోరైతే ఉండాది కదా. తోలొద్దని చెప్పకూడదా?"

"చెప్తే వింటావా? పోయిన నెల ఎనుముల మంద అడ్డమొస్తే, కండ్లు ఆనక ఆడోళ్లనుకొని, అమ్మల్లారా కాస్త జరగండి అంటివి."

"నువ్వు నవ్వితివి."

"నవ్వినా. ముసలోణ్ణి, పోతే పోతానని నీ పక్కన కూర్చుంటి. ఈ తూరి కూర్చునేది సాజియా."

నేను మాట మార్చాను.

"మరి ఘాటు దిగినప్పుడో? పక్కనే ఉంటివి కదా."

సూదికి దారం ఎక్కించుకున్నాడు.

"ఉంటి," అన్నాడు. "కండ్లు మూసుకొని ఉంటి."

ఊరందరి ముందు నా పక్కన నిలబడినవాడు, నా వెనక నా కారు కంట్లో దూది కుక్కాడు. ఎనుముల సంగతి నా ముఖాన అని ఉంటే రెండు పొద్దులు అలిగి మూడో పొద్దు తాళం ఇచ్చి ఉందును. ఏమో, ఇచ్చి ఉందునో లేదో. అడగనే లేదు కదా వాడు.

ఇంటికి వచ్చి పిడి బిగించాను. గోడ మీద రెండు సందమామలు వచ్చాయి. మరుసటి పొద్దు పెండ్లింటికి నడిచి పోయాను. నాగలక్ష్మమ్మ తాళం తీసుకుపోయి సాజియా అన్న తౌసిఫ్ చేతిలో పెట్టి, కారు వాడితోనే తెప్పించింది.

"జేజినాయనా, నువ్వు తోలవా?" అంది సాజియా, పూలచాటు నుంచి. మా ఇద్దరు తాతలనూ ఆ పిల్ల అట్లాగే పిలుస్తుంది.

"కండ్లల్లో మందు ఏసుకున్నా తల్లీ. మీ జేజినాయన సంతోషంగా ఉంటాడులే, వాణ్ణే అడుగు."

భోజనాలయ్యాక వేంపల్లె వాళ్లు నీడలో కూర్చున్నారు. వలి నా పక్కకు వచ్చి, వాళ్లు వినేటట్లు, "ఓబులేసూ, ఆ పులి సంగతి చెప్పప్పా," అన్నాడు. నన్ను బుజ్జగిస్తున్నాడు.

చెప్పాను. ఈసారి బన్నుతో పాటు టీ కూడా తాగించాను. పెండ్లికొడుకు మామ ఒకాయన నవ్వాడు. మా ఊరివాళ్లంతా అలవాటుగా వలి వైపు తిరిగారు. వాడు గొంతు సవరించుకున్నాడు.

"నేను పక్కనే..."

"లేవు," అన్నాను. "ఆ పొద్దు వలి రాలేదప్పా. కారులో నేనొక్కణ్ణే ఉంటి."

వలి నా ముఖం చూశాడు. తర్వాత వేంపల్లె ఆయన వైపు తిరిగి, ఎప్పటిలాగే నవ్వకుండా, తల ఊపాడు.

"నిజమేప్పా," అన్నాడు. "ఆ పొద్దు నేను లేను."

అందరూ నమ్మారు.