నాలుగో వరస

జ్వరంతో ఉన్న మనిషి, అంత చలిగాలిలో, ఎవరూ చెప్పకుండా తనంతట తానే పార పట్టుకుని తోటలోకి వెళ్తుందా? రెండో భార్యగా ఈ ఇంటికి వచ్చిన పదకొండేళ్లుగా ఆమెను తొలుస్తున్న అనుమానం ఇదే. అలా వెళ్ళింది ఆమె భర్త మొదటి భార్య. డేలియా పూలమొక్కల గడ్డలు తవ్వడానికి వెళ్ళి, తడిసిన బట్టలతో వణుకుతూ వచ్చి, వారం తిరగకుండా పోయింది. "చెప్తే వినే రకం కాదు. మొక్కలంటే ప్రాణం దానికి" అని భర్త అందరితో అంటాడు. ప్రాణం అన్న మాట దగ్గర ఆమె ప్రతిసారీ చేతిలో పని ఆపేస్తుంది.

ఆకులు రాలిపోయి చలి ముదిరే ఈ రోజుల్లోనే ఆ గడ్డలు తీయాలి. మంచు తగిలితే నేలలోనే కుళ్ళిపోతాయి. ఆమె వచ్చిన ఏడు నుంచీ తవ్వడం, మట్టి దులపడం, ఆరబెట్టి రంపపు పొట్టులో దాచడం, అన్నీ ఆమె పనే. పార పిడి మీద పోయినావిడ చేతికి అరిగిన చోటే ఆమె చెయ్యి కుదురుకుంటుంది. వంగి తవ్వుతుంటే పక్క వరసలో ఇంకెవరో తవ్వుతున్నట్టు మట్టి చప్పుడు. తలెత్తితే ఎవరూ ఉండరు. పూలు చూసి మెచ్చుకున్న చుట్టాలతో మాత్రం భర్త, "మా పెద్దావిడ చేతి చలవ" అంటాడు. బతికున్నప్పుడు ఆవిడతో ఆ ముక్క అన్నాడో లేదో. ఆవిడెందుకు వెళ్ళిందో చెప్పమని ఆమె రోజూ దణ్ణం పెట్టుకునేటప్పుడు దేవుణ్ణి అడుగుతుంది. అంతా చూసినవాడు ఆయన ఒక్కడే, ఆయనేమో చెప్పడు.

ఈసారి ఆమెకే మూడు రోజులుగా జ్వరం. నాలుగో రోజు పొద్దున భర్త కిటికీలోంచి బయటికి చూసి, "రాత్రికి మంచు పడేలా ఉంది. లేచి ఆ గడ్డలు తీసెయ్యి" అన్నాడు.

"లేవలేకపోతున్నానండీ. ఈ ఒక్కసారికి మీరు తీయకూడదూ?"

"నా నడుం సంగతి తెలిసే అడుగుతావేం? వేడిగా టీ తాగి వెళ్ళు, చెమట పడితే జ్వరం అదే దిగుతుంది. పెద్దావిడకీ ఇదే చెప్పాను. ఒక్క పూటలో మూడు వరసలు తీసేసింది. నాలుగోది వదిలేసింది, బంగారంలాంటి గడ్డలన్నీ మట్టిపాలయ్యాయి."

"మీరే చెప్పారా?"

"మరి పక్కింటాయన వచ్చి చెప్తాడా? నాకూ ఓ కప్పు పెట్టు."

పేపరు తిప్పాడు. తనేం అన్నాడో ఆయనకే తెలియలేదు.

వీధి చివర పోయినావిడ తల్లి ఒక్కతే ఉంటుంది. కూతురికి ఆ గడ్డలు ఇచ్చింది ఆవిడే. నేనిచ్చినవే నా బిడ్డను పొట్టనబెట్టుకున్నాయని ఇప్పటికీ కుమిలిపోతుంది. ఆమె కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు గేటు దగ్గర చెయ్యి పట్టుకుని, "అదెందుకు వెళ్ళిందో ఎప్పటికైనా తెలిస్తే నాకు చెప్పమ్మా" అంది. చెప్తానని ఆమె మాటిచ్చింది. అప్పటినుంచీ ఆవిడ ఎదురైతే బాకీ పడ్డదానిలా తల దించుకుంటుంది.

ఆమె పొయ్యి వెలిగించలేదు. శాలువా కప్పుకుని గేటు దాకా నడిచింది.

"ఎక్కడికి? గడ్డల సంగతేంటి?" వెనకనుంచి కేక.

"నేలలోనే ఉన్నాయి. తీసుకోండి."

వీధి చివరి ఇంట్లో ముసలావిడ తలుపు తీసింది.

"అమ్మా, ఆవిడ తనంతట తాను వెళ్ళలేదు. ఆయన పంపించారు. ఇవాళ నన్నూ పంపబోయారు."

ముసలావిడ ద్వారబంధం పట్టుకుంది. "అయితే నా గడ్డలు కాదన్నమాట" అంది. తర్వాత ఆ చెయ్యే ఆమె నుదుటి మీదికి వచ్చింది.

"ఒళ్ళు కాలిపోతోంది కదే తల్లీ. లోపలికి రా. పడుకో."